తెర మీద పనిమనిషి

సత్యదుర్గ కువైట్‌లో ఒకే ఇంట్లో పదిహేడేళ్లు పనిచేసింది. తిరిగొచ్చాక అమలాపురంలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీ క్యాంటీన్ తీసుకుంది. ఆవిడ పెసరట్టు కోసం క్లాసులు ఎగ్గొట్టే పిల్లలున్నారు. కువైట్ సంగతులు ఎవరడిగినా మాత్రం మాట దాటేసేది.

శుక్రవారం మధ్యాహ్నాలు ఇంగ్లీషు లెక్చరర్ లావణ్య పెద్ద హాల్లో పాత సినిమాలు చూపిస్తుంది. ఆ వారం అమెరికావాళ్ల బ్లాక్ అండ్ వైట్ సినిమా వేసింది. మాటలు కింద తెలుగులో పడుతున్నాయి. టీలు తెచ్చిన సత్యదుర్గ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

తెర మీద ఓ నల్లజాతి పనిమనిషి. దొరసాని ఏమన్నా సరే, కళ్లు గుండ్రంగా తిప్పి పకపకా నవ్వుతోంది. ఆమె నోరు విప్పినప్పుడల్లా హాలు గొల్లుమంటోంది. వెనక బెంచీలోంచి దుర్గాశ్రీనివాస్ అనే కుర్రాడు ఆమె గొంతు అనుకరించాడు. ముందు వరసలో ఒకమ్మాయి, "అయ్యో పాపం, ఏమీ తెలీదు మనిషికి" అంది.

సత్యదుర్గ చెవులు వేడెక్కాయి. ఆ నవ్వు ఆవిడకి తెలుసు. కువైట్ ఇంట్లో తనతోపాటు పనిచేసిన ఇథియోపియా మనిషి అల్మాజ్ అచ్చం అలాగే నవ్వేది. మొదట్లో ఆ నవ్వూ ఆ రంగూ చూసి, తెలివితక్కువదనుకుని తనూ చాటుగా నవ్వుకుంది. ఒకరోజు సత్యదుర్గ చేతిలోంచి గాజు కూజా జారి ముక్కలైంది. కేకలేస్తూ వచ్చిన యజమానురాలి ముందు అల్మాజ్ తన నెత్తిన తనే మొట్టుకుని, కళ్లు తిప్పి, పగలగొట్టింది నేనేనంటూ ఆవిడని నవ్వించేసింది. ఆవిడ అటు వెళ్లగానే అల్మాజ్ మొహంలో నవ్వన్నది లేదు.

"మేడంగారూ, ఒక్క నిమిషం ఆపుతారాండీ?"

లావణ్య ఆపింది. అందరూ వెనక్కి తిరిగారు.

"ఆవిడకేమీ తెలీదన్నారు కదమ్మా. చంకలో బిడ్డ, చేతిలో పళ్లెం, మెట్లు దిగొచ్చింది. ఒక్కసారైనా కాళ్ల వంక చూసుకుందాండీ? దొరసాని కోపంగా ఉందని గుమ్మంలోనే కనిపెట్టేసింది. అందుకండి ఆ నవ్వు. నేనూ నవ్వేను అలాగ. తెలివి లేక కాదండి, ఉండబట్టే." ఆగకుండా అల్మాజ్ గురించీ చెప్పేసింది.

దుర్గాశ్రీనివాస్ మెల్లగా లేచాడు. "అది తీసినోళ్లే మనల్ని నవ్వమని తీసేరు కదండీ, పిన్నిగారూ?"

"ఆయ్, అందుకే తీసేరు. ఆ వేషం వేసినావిడ మాత్రం మనిషిలాగే చేసింది. సరిగ్గా చూడు నాయనా."

లావణ్య ఆ సీను మళ్లీ మొదట్నించీ వేసింది. అలవాటు కొద్దీ ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. దొరసాని అటు తిరిగిన అర క్షణంలో పనిమనిషి మొహం మారింది. పెదవులు బిగుసుకున్నాయి.

"చూసేరా!" అంది ముందు వరస అమ్మాయి, లేచి నిలబడి.

సాయంత్రం పిల్లలంతా క్యాంటీన్లో మూగారు. అల్మాజ్‌ని చూపించమన్నారు. సత్యదుర్గ చేతులు తుడుచుకుని వీడియో కాల్ కలిపింది. "సొంతంగా హోటలు పెట్టిందండి మా అల్మాజ్" అని ఫోను అందరివైపూ తిప్పింది. తర్వాత సత్యదుర్గ నడుం మీద చెయ్యి వేసుకుని గడగడా అరబ్బీలో మాట్లాడుతుంటే, ఇంటికి బయలుదేరిన లావణ్య కూడా అక్కడే ఆగిపోయింది.