సగం రాసుకున్న పేజీ

పొయ్యి మీద మేకపాలు పొంగుకొచ్చే క్షణంలో ఒక వాసన లేస్తుంది. పచ్చి ఆకుదీ తడిసిన బొచ్చుదీ కలిసిన వాసన. మా ఇంట్లోవాళ్లు కిటికీ తెరుస్తారు. నేను మాత్రం పొయ్యి దగ్గరే నిలబడతాను. ఆ వాసనతో పాటే ముత్తమ్మక్క గుర్తొస్తుంది. ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆమె మేకలను కోడలు చూసుకుంటోంది. నేను పాలు ఇప్పటికీ అక్కడి నుంచే తెస్తాను.

భద్రాచలం నుంచి పర్ణశాలకు యాత్రికులను తీసుకెళ్లే ఆటో నాది. పదో తరగతితో బడి ఆగింది కానీ చదవడం ఆగలేదు. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య గ్రంథాలయంలో కూర్చుని, నచ్చినదల్లా నోటుబుక్కులోకి ఎక్కించుకోవడం అలవాటు. మా అమ్మాయి సంధ్యకు ఐదేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గినా గేదెపాలు తాగితే కక్కేసేది. చేతులు పుల్లల్లా అయ్యాయి. ఆ రోజుల్లోనే పశువుల పెంపకం మీద ఒక పుస్తకం దొరికింది. మేకపాలలో వెన్న కణాలు చిన్నవనీ, తేలిగ్గా అరుగుతాయనీ రాసుకుంటుండగా, మూసే వేళైందని ఫ్యాన్లు ఆపేశారు. అప్పటికి సగం పేజీ అయింది. కావలసింది దొరికిందనుకుని లేచి వచ్చేశాను.

ముత్తమ్మక్క మేకల కొట్టం మా దారిలోనే, అడవి అంచున ఉండేది. వెదురు దడి, లోపల ఓ పదిహేను మేకలు. మొదటి రోజు సంధ్యను తీసుకెళ్తే ఆమె పాలు పిండలేదు, ముందు పిల్లలను తల్లుల దగ్గరికి వదిలింది. వాటి కడుపులు నిండేదాకా మమ్మల్ని నిలబెట్టింది. తరవాత చుక్కల మేక దగ్గర చెంబుతో కూర్చుంది. ఇంటికి తీసుకుపోయి కాగబెట్టి తాపమంది. కాస్తే బలం పోతుందని, పచ్చివే పొయ్యమని నేనే పట్టుబట్టాను. ఆ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆమె నా నోటుబుక్కు వైపు చూసి, ఇంకేమీ అనకుండా మోదుగాకు దొప్పలో నురుగుతోనే పోసింది. సంధ్య తాగింది. కక్కలేదు. మరునాడూ కక్కలేదు.

ఆ సంతోషంలో వెన్న కణాల గురించి ఆమెకు చదివి వినిపించాను. పొదుగు తుడుస్తూ విని, "అవ్ తమ్ముడూ, గీ మేకలకు గూడ చెప్పు. తమ పాలల్ల ఏమున్నదో పాపం వాటికి తెల్వదు" అంది.

నెల దాటింది. సంధ్య బుగ్గల్లో రంగు తేలుతున్న రోజుల్లో, ఒక పొద్దున మేం వెళ్లేసరికి ముత్తమ్మక్క కొట్టం వెనక గుంట తవ్వి పాలు పారబోస్తోంది. ఒక మేక నెలలు నిండకముందే పిల్లను పడేసిందట. మందలో ఏ మేక పాలూ ఇవ్వనంది. చుక్కల మేక బాగానే ఉంది కదా అన్నాను. బతిమాలాను. చివరికి, చదువు లేనివాళ్ల భయాలకు నా బిడ్డ ఎందుకు పస్తుండాలని అనేశాను.

ఆమె చెంబు బోర్లించింది. "బిడ్డ ఏడ్సినా సరే, ఇయ్య. నన్ను తిట్టుకుంట పో."

ఆమె భయం తప్పని అచ్చులో చూపిద్దామని సంధ్యతోనే గ్రంథాలయానికి వెళ్లాను. అదే పుస్తకం తీసి, నేను ఆపిన చోటు నుంచి పేజీ తిప్పాను. మేకలు అలా పిల్లలను పడేస్తే బ్రూసెల్లోసిస్ అనే జబ్బు కావచ్చనీ, ఆ క్రిమి పచ్చిపాలతో మనిషికి సోకుతుందనీ, పాలు ఎప్పుడైనా కాచే తాగాలనీ ఉంది. ఫ్యాన్లు ఇంకో పది నిమిషాలు తిరిగి ఉంటే ఆ రోజే చదివి ఉండేవాణ్ని. సంధ్యను అటు నుంచి అటే దవాఖానాకు తీసుకెళ్లాను. రక్తపరీక్షలో ఏమీ లేదని తేలేదాకా నాకు ముద్ద దిగలేదు.

ముత్తమ్మక్క పిలిపించిన పశువుల డాక్టరు జబ్బు ఆ ఒక్క మేకకే ఉందని తేల్చి, దాన్ని మంద నుంచి తీసేయించాడు. నేను సంధ్యను తీసుకుని వెళ్లి, పుస్తకంలో ఉన్నది చదివి, క్షమించమని అడిగాను. ఈసారి ఆమె ఎగతాళి చేయలేదు.

"మా ఆయన పచ్చిపాలే తాగేటోడు. జ్వరం వచ్చుడు, పోవుడు. నడుం పట్టేసి మంచం దిగలే. గట్ల ఎందుకైందో డాక్టరు చెప్పినంక గుంట తవ్వుడు నేర్చిన" అంది. సంధ్య తల నిమురుతూ మళ్లీ అంది: "మొదటి దినమే నిన్ను ఆపాల్సింది. చదివినోడివి, నీకు తెల్వదా అని ఊకున్న."

తిడితే తేలిగ్గా ఉండేది. తప్పంతా నాది, క్షమాపణలాంటి మాట ఆమెది. ఇంటికి వచ్చి, ఆ సగం పేజీ కింద మిగిలిన చోట ఆమె మాటను ఆమె అన్నట్టే రాసుకున్నాను. మర్నాటి నుంచి పాలు ఇంటికి తెచ్చి కాచాం. సంధ్య ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. గ్లాసెడు పాలు గడగడా తాగేస్తుంది.

ఆటోలో యాత్రికులకు నేను చదివినవి చెప్పడం మానలేదు. ఆ సరదా నన్ను వదలదు. కాకపోతే చెబుతూ చెబుతూ అద్దంలోకి చూస్తాను. వెనక సీట్లో ఎవరైనా పెద్దావిడ ఏదో అనబోయి ఊరుకున్నట్టు కనిపిస్తే, నా మాట ఆపేసి అడుగుతాను: "మీరేదో చెప్పబోయిండ్రు. చెప్పుండ్రి అమ్మా."