మర్యాద చూసి కొన్న ల్యాప్‌టాప్

ఒక పిల్ల చదువును, ఒక ఇంటి ప్రశాంతతను, ఒక చేపల రైతు పరువును ఒకే మధ్యాహ్నం ముంచేయడానికి తుఫానే రానక్కర్లేదు. లేత నీలం రంగు ల్యాప్‌టాప్ ఒకటి చాలు. దాన్ని ఎంచుకున్న మహానుభావుణ్ణి నేనే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

ముందు నా సంగతి ఒక ముక్క చెప్పాలి. నేను అవమానాలు మర్చిపోను. మా మేనల్లుడి పెళ్ళిలో నా విస్తరి దాటేసి పక్కాయనకు రెండో పూతరేకు వేసిన మనిషిని రోడ్డు మీద చూస్తే ఇప్పటికీ నాకు మనిషి కనపడడు, పూతరేకు కనపడుతుంది. మా ఊరి ఇంటర్నెట్ సెంటరాయన, నా వెనక వచ్చినవాడికి నాకంటే ముందు ప్రింటు తీసిచ్చాడు. ఆ రోజు నుంచి ఆ గడప తొక్కలేదు.

సరిగ్గా ఆ గడపతోనే పని పడింది, ఆరేళ్ళ కిందట. మా అమ్మాయి శ్రావణికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. ఇక కావలసిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకోవాలి. గడువు దాటితే ర్యాంకు ర్యాంకే, సీటు మాత్రం ఉండదు. నా ఫోన్లో ఆ జాబితా సగం తెరుచుకుని ఆగిపోయేది.

“సెంటర్‌కి వెళ్దాం నాన్నా. అరగంట పని.”

“ల్యాప్‌టాపే కొంటాను గానీ అక్కడికి రాను.”

ఎలాగూ ఇంట్లోకి ఒకటి ఉండాల్సిందే, కరెంటు బిల్లు కట్టుకోవచ్చు, మా ఆవిడ జాకెట్ డిజైన్లు చూసుకుంటుంది అని నాకు నేనే నచ్చజెప్పుకుని, గడువు ఇంకా నాలుగు రోజులుండగా పిల్లను బండెక్కించుకుని భీమవరం వెళ్ళాను.

మొదటి కొట్టు ఒక సందులో ఉంది. లోపల ఒకాయన ల్యాప్‌టాప్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, స్క్రూడ్రైవర్‌తో దాని పొట్ట తెరుస్తున్నాడు. మేం వచ్చినా తలెత్తలేదు.

“ఏంటండి కావాలి?”

“ల్యాప్‌టాప్.”

“దేనికండి?”

“ఇంట్లోకి. పిల్ల చదువుకి.”

“ఎంతలో అనుకున్నారండి?”

చెప్పాను.

“ఆ ధరకి కొత్తది వద్దండి, ఉసూరుమంటుంది. ఒకరు వాడి ఇచ్చింది ఉంది. ఎనిమిది జీబీ ర్యామ్, మంచి కండిషను. ఐదేళ్ళు చూసుకోనక్కర్లేదు.”

నా చెవికి ‘వాడింది’ అన్న మాటే వినిపించింది. మా చెరువు గట్టు మీదకి చేపలు కొనడానికి ఎవరొచ్చినా ముందు కుర్చీ వేస్తాం, తర్వాత కొబ్బరిబొండం కొట్టిస్తాం, ఆపైనే బేరం. ఇక్కడ కుర్చీ లేదు, కనీసం ఒక చూపు లేదు, పైగా పాత సరుకు.

“నేను పాత సామాను కొనే మనిషిలా కనిపిస్తున్నానా?”

“మనిషిని చూడలేదండి. బడ్జెట్ చూశాను.”

చూశారా! ఇంతకంటే ఏం కావాలి నాకు? గిర్రున తిరిగి వచ్చేశాను.

“నాన్నా, ఆయన చెప్పింది నిజమేమో...”

“మనిషి మొహమే చూడనివాడు మెషీన్ ఏం చూస్తాడే!”

రెండో కొట్టుకి అద్దాల తలుపు, లోపల ఏసీ. ఓనరు తెల్లచొక్కాలో ఎదురొచ్చి రెండు చేతులూ జోడించాడు.

“ఆయ్, దయచేయండి మాస్టారూ! దయచేయండి! ఎండన పడొచ్చారు. సోఫాలో కూర్చోండి. బాదంపాలు తాగుతారా, మజ్జిగ తెప్పించమంటారా?”

నా ప్రాణం లేచొచ్చింది. బాదంపాలు వచ్చాయి, వాటి వెనకే కాజాలు వచ్చాయి. ఆ తర్వాత లేత నీలం రంగు ల్యాప్‌టాప్, పెళ్ళికూతురు బుట్టలో వచ్చినట్టు పళ్ళెంలో వచ్చింది.

శ్రావణి ముందుకు వంగి, “ర్యామ్ ఎంతండి?” అంది.

“సరిపోయినంత ఉందమ్మాయిగారూ.”

“స్టోరేజీ?”

“మీ ఇంట్లో ఎంతమందండి?”

“ముగ్గురం.”

“అయితే బోల్డంత!”

పిల్ల నా చొక్కా లాగింది. నేను లాక్కున్నాను. డబ్బు కట్టాక ఓనరు ఏం చేశాడో తెలుసా? “మొదటి ల్యాప్‌టాప్ కదండీ, మా ఆనందం కొద్దీ” అంటూ నాకు శాలువా కప్పాడు! ఆ శాలువా ఖరీదు ర్యామ్‌లో వేసుంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఆ క్షణాన నా కళ్ళు చెమర్చాయి. దారి పొడవునా ఆ శాలువాతోనే బండి నడిపాను.

ఇంటికొచ్చి మీట నొక్కాం. నొక్కి, చెరువు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, మేత వేసి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి తెర మీద పూల బొమ్మ పడింది. మర్నాడు కాలేజీల పేజీ తెరిచాం. ఎంచుకున్న నాలుగో కాలేజీ దగ్గర నిద్రపోయింది. ఆ మర్నాడు మూడో కాలేజీ దగ్గరే. కొట్టుకి ఫోన్ చేశాను.

“నమస్కారమండీ మాస్టారూ! భోంచేశారా? అమ్మాయిగారు కులాసానా?”

“ల్యాప్‌టాప్ కదలట్లేదండి.”

“కొత్త కదండీ, బెరుకుంటుంది. రెండ్రోజుల్లో మీ ఇంటికి అలవాటు పడిపోద్దండి.”

ఎంత చక్కగా చెప్పాడో! నమ్మేశాను. ల్యాప్‌టాప్‌ను కూడా కొత్త కోడల్లా చూసుకోవాలి కాబోలని, గట్టిగా మీటలు నొక్కవద్దని పిల్లనే కసిరాను.

ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం ఆరింటితో గడువు. మధ్యాహ్నం మూడింటికి తెర నల్లబడి, ‘సర్దుకుంటున్నాను, ఆపవద్దు’ అన్న అర్థంలో ఏదో రాసింది. తొమ్మిది శాతం. అరగంట తర్వాతా తొమ్మిదే. ఆ తర్వాత, చోటు చాలలేదు కనుక మొదటికొస్తున్నానని చెప్పింది. ముగ్గురికి బోల్డంత అన్న స్టోరేజీ దాని సొంత సామాను సర్దుకోవడానికే చాలలేదు!

శ్రావణి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. రెండేళ్ళు తెల్లవారుజామునే లేచి చదివిన పిల్ల, కాలేజీల పేర్లు రాసుకున్న కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుని నావైపు చూసింది, అంతే.

“నాన్నా, ఆ స్క్రూడ్రైవరాయన దగ్గరికి వెళ్దాం.”

“చచ్చినా రాను.”

“పోనీ, మన ఊరి సెంటర్‌కి?”

“అక్కడికి చచ్చాక కూడా రాను.”

“అయితే ఇప్పుడు ఏ అవమానం నయమో మీరే చెప్పండి!”

రెండింట్లో కొత్త అవమానం వైపు, భీమవరానికి, బండి తిప్పాను.

మేం కొట్టులోకి వెళ్ళేసరికి ఐదు కావస్తోంది. ఆయన అప్పుడూ తలెత్తలేదు. ల్యాప్‌టాప్ అందుకుని, నాలుగు మీటలు నొక్కి, “నాలుగు జీబీయేనండి. ర్యామ్ పెంచుదామన్నా వీలు లేకుండా అతికించేశారు. పనేంటి?” అన్నాడు.

“పిల్ల కాలేజీ ఆప్షన్లు. ఆరింటికి ఆఖరు.”

ఆ మాటకి చటుక్కున లేచాడు. “రామ్మా, ఇక్కడ కూర్చో” అని శ్రావణిని తన కుర్చీలో, తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఆ కొట్టు మొత్తానికి ఉన్నది ఆ ఒక్క కుర్చీయే. తాను నిలబడే ఎవరిదో రిపేరు చేసుకుంటూ, మధ్యమధ్య పిల్లను ఒక్కో కాలేజీ సరిచూసుకోమన్నాడు. ఐదూ నలభైకి అంతా అయిపోయింది. శ్రావణి కాగితం విప్పి మళ్ళీ ఒకసారి చూసుకుని నవ్వింది. నాకు ఊపిరి అప్పుడు ఆడింది. ఎంత ఇమ్మంటారంటే వద్దన్నాడు.

ఇంత జరిగాక నేను మాత్రం ఊరుకుంటానా? మనసు గట్టిచేసుకుని, జీవితంలో మొదటిసారి ఒకరిని క్షమించడానికి సిద్ధపడ్డాను. గొంతు సవరించుకున్నాను.

“చూడండి మాస్టారూ, ఆ రోజు మీరు నాకు చేసిన అవమానం ఈ క్షణం నుంచి మర్చిపోతున్నాను.”

ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. మొట్టమొదటిసారి తలెత్తి నా మొహంలోకి పరకాయించి చూశాడు.

“మీరు ఇంతకుముందు మా కొట్టుకి వచ్చారా అండి?”

శ్రావణి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

పిల్లకి సీటొచ్చింది. ఆ వారంలోనే వెళ్ళి, ఆయన చెప్పిన పాత ల్యాప్‌టాపే కొన్నాను. నా ఈ గోడు మొత్తం దాని మీదే రాస్తున్నాను. ఇకమీదట ఎవరు నన్ను అవమానించినా, అది నాకోసమే చేసిందేనా, పొరపాటున నా మీద పడిందా అని మర్యాదగా అడిగి తెలుసుకున్నాకే పుచ్చుకుంటానని గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

నన్ను గుర్తుపట్టలేదన్న సంగతి మాత్రం వేరే. అది ఇంకా మర్చిపోలేదు.