ఎర్రమట్టి పట్టిన కందులు

మా వాడకట్టులో నన్ను పిసినారి అంటారు. ఎదురుగా అనరు, వెనక అంటారు. గోడలు పలచన కనుక నాకు అన్నీ వినిపిస్తాయి. ఎంగిలి చేత్తో కాకిని తోలదట, పిల్లికి బిచ్చం పెట్టదట. నిజమే, పెట్టను. ఆ రోజుల్లో మా ఇంట్లో టీవీ లేదు. స్నానాల నీళ్లు కట్టెల పొయ్యి మీదే కాగేవి. వికారాబాద్ స్టేషన్ నుంచి ఎంత ఎండైనా నడిచే వచ్చేదాన్ని. నన్ను చూసి ఆటోవాళ్లు హారన్ కొట్టడం కూడా మానేశారు. ఈ పొదుపంతా ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనను విడిపించుకోవాలి, అందుకు.

విడిపించుకోవడమంటే జైలు నుంచి కాదు. మా ఆయన రోజూ రైల్లో తాండూరు పోయి నాపరాళ్లకు పాలిష్ పట్టే మిషన్ మీద పనిచేసేవాడు. పనిలో చేరేటప్పుడు సేటు అడ్వాన్సు ఇస్తాడు. మా మామ చనిపోయినప్పుడు దినాలు చేయడానికని మా ఆయన అది తీసుకున్నాడు. తర్వాత ఒక్కో దసరాకు కొంత కొంత కలిసి అరవై వేలయింది. సేటు ఆ డబ్బును వారం కూలీలో కోసుకోడు. కోస్తే ఎప్పటికో తీరిపోతుంది కదా! పని మానాలంటే మొత్తం ఒక్కసారే కట్టాలి. అదీ దసరా ముందు హిసాబు చూసే రోజునే. ఆ రోజు తప్పిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. అడ్వాన్సు తెంపుకోకుండా వేరే మిషన్ దగ్గరికి పోతే వాళ్లు అడిగే మొదటి మాట "తెంపుకొచ్చినవా?" అనే. లేదంటే ఎవరూ పనిలో పెట్టుకోరు.

ఆయనకు ఇళ్లలో బండలు పరిచే పని బాగా వచ్చు. వికారాబాద్‌లో కొత్త ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. ఎవరి కిందా లేకుండా బతకొచ్చు. పైగా మిషన్ దగ్గరి రాతి దుమ్ముకు ఆయన దగ్గు నెలనెలకూ పెరుగుతోంది. ఇంకో దసరా దాటనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

కూడబెట్టడం ఒక ఎత్తు, కూడబెట్టింది నిలుపుకోవడం ఇంకో ఎత్తు. మా ఆయనది మెత్తని మనసు. ఎవరైనా "అన్నా, జర సర్దు" అంటే చాలు, ఫోన్ తీసి వేలితో నొక్కేస్తాడు, పైసలు పోతాయి. అందుకని చలికాలంలో ధారూర్ పక్క ఊళ్లలో కందులు కొన్నాను. నాలుగు క్వింటాళ్లు. కోతల అప్పుడు అగ్గువ, దసరా నాటికి పిరమవుతాయి. పైగా కందుల బస్తాను ఎవరూ ఫోన్‌లో అడగరు. బస్తాలు మంచం కిందా మూలల్లోనూ సర్ది, మా అత్తకు కూడా అవి అమ్మడానికని చెప్పలేదు. చెబితే కొడుకు చెవిలో వేస్తుంది, కొడుకు ఊరంతటికీ చెబుతాడు.

ఎండాకాలం చివర మా అత్త ఒక బస్తాలో చేయి పెట్టి చూసింది.

"పిల్లా, అక్కడక్కడ పుచ్చు వడుతున్నది. వానలు రాకముందే ఎర్రమట్టి వట్టియ్యి. గింజ రాయి లెక్క ఉంటది."

మా అమ్మ కూడా అలాగే చేసేది. అనంతగిరి దారిలో ఎర్రమట్టి తెచ్చి, జల్లించి, నీళ్లలో కలిపి, కందులకు పట్టించి, మిద్దె మీద ఎండబెట్టాం. అత్తాకోడళ్లం నడుములు విరిగేలా చేశాం. గింజ గింజకూ ఎర్రటి పూత. పురుగు దగ్గరికి రాలేదు. నేనెంత తెలివైనదాన్నో అనుకుని మురిసిపోయాను.

దసరా రెండు వారాల్లో ఉందనగా ధర బాగా లేచింది. ట్రాలీ ఆటో మాట్లాడి బస్తాలు తాండూరు మార్కెట్‌కు తీసుకుపోయాను. అడ్తిదారు బస్తాలో చేయి ముంచి తీశాడు. మణికట్టు దాకా ఎర్రగా అయింది. ఆ చేతిని అందరికీ చూపించాడు.

"గివేంటియమ్మా? వండుకునేటియా, గోడకు పూసేటియా?"

చుట్టూ నవ్వారు. సరిహద్దు అవతల నుంచి వచ్చిన కొనుగోలుదారు ఒకాయన గింజలు నలిపి చూసి, "మణ్ణు ఐతి, బ్యాడ" అని చేయి దులుపుకున్నాడు. మట్టి ఉంది, వద్దు అని. నేను మొండిగా సాయంత్రం దాకా నిలబడ్డాను. వేలంలో ఒక్కరూ పాట పాడలేదు. ఇంట్లో తినే కందులకు చేసే పని అమ్మే కందులకు చేశాను. మార్కెట్‌కు మట్టి గింజ పనికిరాదని పొలం ఉన్న ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు. నేనెవరినీ అడగలేదు కదా! బస్తాలు మళ్లీ ఎక్కించుకుని, రెండో కిరాయి కట్టి, దారంతా ఏడుస్తూ వచ్చాను.

ఇంటికొచ్చి మా అత్త మీద విరుచుకుపడ్డాను. ఆమె ఏమీ తగ్గలేదు.

"అమ్ముకునేటియని నాకేమెరుక? ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం వోయె? ఇగ ఏడ్వకు. మట్టి వట్టిన కందులు పప్పు జేసుకునేటందుకే. ఇసుర్రాయి దించు."

అలా మొదలుపెట్టాం. మట్టి పట్టి ఎండిన గింజ ఇసుర్రాయిలో పడితే పొట్టు ఇట్టే ఊడుతుంది. కానీ నాలుగు క్వింటాళ్లు! వాడకట్టు ఆడవాళ్లను పిలిచాను. నన్ను పిసినారి అన్నవాళ్లనే. కూలీ ఇవ్వలేను, నూకలూ పొట్టూ మీవే అన్నాను. బర్రెలున్నవాళ్లకు పొట్టు కావాలి, అందరికీ నూకలు కావాలి. వచ్చారు. "నీ తాన పైసలు రాలయ్‌గానీ పొట్టన్న రాలింది" అని ఎగతాళి చేస్తూనే విసిరారు. ఆ మాట పడ్డాను. పడక ఏం చేస్తాను?

విసరడం మా చేతుల్లో ఉంది, ఎండ మా చేతుల్లో లేదు. గింజ బాగా ఎండితేనే పప్పుగా పగులుతుంది. అనంతగిరి వైపు నుంచి రోజూ మబ్బు లేచేది. గింజలు మిద్దె మీద పోయడం, చినుకు పడగానే పరుగెత్తి ఎత్తడం. ఒకసారి సగం బస్తా తడిసింది. తడిసిన గింజను పిడికిట్లో పట్టుకుని నేను దేవుణ్ని కూడా తిట్టాను.

పప్పు అయినంత అయినట్టు పొద్దున సిటీకి పోయే రైలెక్కాను. రోజూ ఉద్యోగాలకు పోయే ఆడవాళ్ల పెట్టెలో సంచి విప్పి, "ఎర్రమట్టి వట్టిచ్చి ఇసుర్రాయిల పట్టిన పప్పు, మందులు లెవ్వు" అన్నాను. మొదటి రోజు ఇద్దరు కొన్నారు. వాళ్లు వండుకుని తిని మర్నాడు పెట్టెలో చెప్పారు. ఆ తర్వాత ఐదు కిలోలు, పది కిలోలు అని ముందే చెప్పి పెట్టుకున్నారు. మార్కెట్ ధర కంటే మంచి ధరే పలికింది. అయినా ఇంటికొచ్చి లెక్కేసుకుంటే ఇంకా తక్కువే. రోజులు తరిగిపోతున్నాయి.

ఇదంతా తనను విడిపించుకోవడానికే అని తెలిశాక కూడా మా ఆయన రోజురోజుకూ సేటు వైపే మెత్తబడుతున్నాడు. సేటు ఫోన్ చేశాడట.

"పండుగకు ఇంకో ఇరవై వేలు ఇస్త అంటున్నడు. ఒక సెకండ్‌హ్యాండ్ బండి కొనుక్కుందం. అందరికీ ఉన్నది. సేటు మంచోడేనే."

"మంచోడే. అందుకే నాకు భయం," అన్నాను. చేతిలో ఉన్న చాట విసిరికొట్టాను కూడా. ఆ రోజు ఆయన అన్నం తినకుండా పడుకున్నాడు.

హిసాబు రోజు పొద్దున చివరి సంచి స్టేషన్‌లోనే అమ్మి అరవై వేలు నింపి, పట్టాలు దాటి అవతలి ప్లాట్‌ఫారం మీద తాండూరు బండెక్కాను. మా ఆయన పక్కన కూర్చున్నాడు కానీ కిటికీలోంచే చూస్తున్నాడు. ఆ హిసాబుకు ఆడవాళ్లు రారు. మిషన్ దగ్గర మగవాళ్లంతా నన్ను వింతగా చూశారు. సేటు టేబుల్ మీద నేను అరవై వేలు పెట్టాను. ఆయన మర్యాదగా లెక్కపెట్టుకున్నాడు. సరిపోయాయన్నాడు.

అప్పుడు సేటు ఆ కట్టలోంచి సగం తీసి, లేచి వచ్చి, మా ఆయన చొక్కా జేబులో పెట్టాడు. భుజం మీద చేయి వేశాడు.

"పండుగ పూట ఉత్త చేతులతోని పంపుతనారా? ఉంచుకో. పండుగ ఎల్లినంక పనికి రా."

మా ఆయన చేయి జేబు మీదికి పోయింది. తీయడానికా, పట్టుకోవడానికా, నాకు ఈ రోజుకీ తెలియదు. నవ్వలేక నవ్వుతున్నాడు. ఎదురుగా సేటు, చుట్టూ తోటి కూలీలు, కాదనడం ఆయన వల్ల కాదు. నేను ఆగలేకపోయాను. ఆయన జేబులో చేయి పెట్టి ఆ నోట్లు తీసి టేబుల్ మీద పెట్టాను. నా గోళ్లలో ఇంకా ఎర్రమట్టి ఉంది.

"చెల్లె, నీ మొగడు అడగలే. నా అంతట నేనే ఇస్తున్న."

"గదే వద్దంటున్న సేటు. ఆయన ఇగ రాడు."

సేటు ముఖం చిన్నబోయింది. పాపం, ఆయనకు నేను అన్యాయం చేశానేమో అని కూడా ఒక క్షణం అనిపించింది. అయినా వెనక్కి చూడలేదు.

బయటికి రాగానే మా ఆయన ఒకే మాట అన్నాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్." తర్వాత రైల్లో మాట్లాడలేదు, ధారూర్ దాటినా మాట్లాడలేదు, పండుగ రోజు జమ్మి ఆకు చేతిలో పెట్టినప్పుడు కూడా తల ఎత్తలేదు. ఆయన ఏ క్షణమైనా సేటుకు ఫోన్ చేస్తాడని నేను గుండె చిక్కబట్టుకునే ఉన్నాను. విడిపించానా, పోగొట్టుకున్నానా అని ఏడ్చాను కూడా.

పండుగ మర్నాడు చీకటి ఉండగానే ఆయన లేచాడు. అలవాటు ప్రకారం నేనూ లేచి వండాను. అలవాటు ప్రకారం డబ్బా కట్టి ఇచ్చాను. ఆయన చెప్పులేసుకుని గడప దాకా పోయి ఆగాడు. తాండూరు బండి కూత వినిపించింది. బండి వెళ్లిపోయింది. ఆయన వెనక్కి తిరిగాడు.

"ఇయ్యాల నేను యాడికి వోవాలె?"

అన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయనకెప్పుడూ రాలేదు. "నీ ఇష్టం" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆయన గడప మీద కూర్చుని, డబ్బా మూత తీసి, అక్కడే తినడం మొదలుపెట్టాడు. రోజూ మధ్యాహ్నం రాతి దుమ్ములో కూర్చుని తినే అన్నం, పప్పు. రెండు ముద్దలు తిన్నాక నా వైపు చూశాడు. ఆ వారంలో అదే మొదటిసారి.

"వేడిగున్నదే," అన్నాడు.