ఆకుపచ్చ చీటీ పంజరాలు

ల్యాబ్‌లో అందరూ ఆమెను డేగకన్ను అంటారు. ఎలుక మీసం అదిరినా ఆమె కంటపడుతుందని పేరు. ఆమె పని కూర్చుని చూడటమే. మూర్ఛ తెప్పించిన ఎలుకల్లో కొన్నిటికి ఒక మందు, కొన్నిటికి రెండు మందులు కలిపి ఇస్తారు. ఏ పంజరానికి ఏది ఇచ్చారో ఆమెకు చెప్పరు, రంగు చీటీలు అంటిస్తారంతే. తెలిస్తే కన్ను పక్షపాతం చూపిస్తుందని భయం. ఆ భయం ఉత్తదేం కాదు.

ఆమె తమ్ముడిదీ మూర్ఛే. ఒక్క మందుకు లొంగని మొండి మూర్ఛ. రెండు కలిపితే లొంగుతుందేమోనని ఇంటిల్లిపాదీ, అంటే వాళ్లిద్దరూ, ఎదురుచూస్తున్నారు. ఆకుపచ్చ చీటీ ఎలుకలు ఒళ్లు కూడా నాక్కోకుండా మత్తుగా తూగుతుంటే, రెండు మందులూ వీటికే పడ్డాయని ఆమె ఇట్టే కనిపెట్టేసింది. అప్పటినుంచి ముళ్లమీద కూర్చున్నట్టే ఉంది.

ఆ మధ్యాహ్నం వాటిలో ఒకటి ముందుకాళ్లు టపటపా కొట్టుకుంది. మూర్ఛలో లాగే తల ఊగింది. డేగకన్ను రెప్ప వాల్చకుండా చూసి, 'ఏమీ లేదు' అని పుస్తకంలో ఎక్కించింది. తుమ్మి ఉంటుందిలే అనుకుంది. తుమ్మితే కాళ్లు కొట్టుకుంటాయా, ఎవరికి చెబుతావమ్మా!

లేచి చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. అది కడిగితే పోయేది కాదని పెద్ద మేడమ్ గదికి వెళ్లింది.

"మేడమ్, ఆకుపచ్చవి ఏవో నాకు తెలిసిపోయింది. నా కన్ను ఇక పనికిరాదు. పంజరాల దగ్గర కెమెరా తీసిన వీడియోలు ఇంకెవరికైనా ఇచ్చి చూడమనండి."

"నువ్వే ఇలా అంటే ఎలా?" మేడమ్ తల పట్టుకుంది. ఇన్నాళ్ల పనీ మొదటికొచ్చింది.

ఇంటికెళ్లి ఊపిరి పీల్చుకుందామనుకుంది. తమ్ముడు గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"రెండు మందులూ పని చేస్తున్నాయా అక్కా?"

"తెలీదురా. ఇక నేను చూడనని చెప్పేశాను. తగ్గాలని మరీ ఆశపడి, ఎలుకకు మూర్ఛ వచ్చినా రాలేదని రాసేశాను."

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. "మరి నాకో?"

మూర్ఛ వచ్చినవాడికి వచ్చినట్టు గుర్తుండదు. పక్కనున్నవాళ్ల మాటే డాక్టర్ నమ్ముతాడు, దాన్నిబట్టే మోతాదు మారుస్తాడు. తమ్ముడు బెంగపడతాడని, 'బాగా తగ్గిందండీ' అని ఆయనకు చెప్పింది తనే.

"పొద్దున లేస్తే నాలుక కొరుక్కున్నట్టు ఉంటోంది. నువ్వేమో రాలేదంటావు. నాకు పిచ్చెక్కుతోందేమో అనుకున్నా అక్కా."

ఆమె గోడకు ఆనుకుని నేలమీద కూలబడింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"వచ్చిందిరా," అంది. "నిన్న కూడా వచ్చింది."

వాడు ఏడుస్తాడనుకుంది. వాడు పక్కన చతికిలబడి, "హమ్మయ్య," అన్నాడు.