అంటించని కవరు

మొన్న మస్కట్ పక్కనున్న సీబ్‌లో మా అబ్బాయి ఇంట్లో కూర్చుని ఉండగా, ఇండియాలో డిగ్రీ మొదటి సంవత్సరం ముగించి సెలవులకొచ్చిన మనవరాలు, ఇంకా పెద్ద విశ్వవిద్యాలయంలో రెండో ఏటికి సీటొచ్చిందంటూ నా కళ్ళముందే ఫోన్లో ఏదో నొక్కి, "అయిపోయింది నానమ్మా, వస్తున్నానని పంపేశాను" అంది. ఎవరి చేతికిచ్చావే అని అడిగాను. అది పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు సరికదా, యాభై ఏళ్ళనాటి మంట మళ్ళీ రగిలింది.

డెబ్బైల్లో మస్కట్‌లో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, అప్పట్లో ఇంటికి పోస్టుమాన్ వచ్చేవాడు కాదు, వచ్చిన ఉత్తరాలన్నీ కంపెనీ పోస్టు బాక్సుకే. ఇక్కడ వేసిన ఉత్తరం ఎప్పటికి చేరుతుందో దేవుడికే ఎరుక కనుక, సెలవు మీద ఊరెళ్ళే మనిషి కనబడితే చాలు, అందరం ఉత్తరాలు కట్టగట్టి ఆయన చేతికిచ్చేవాళ్ళం, ఆయన బొంబాయిలో దిగి మన స్టాంపులంటించి పోస్టు చేసేవాడు. ఇంకో మర్యాద కూడా ఉండేది. మోసుకెళ్ళే మనిషిని అనుమానించినట్టవుతుందని ఆ కవర్లకు జిగురు అంటించకూడదు. ఆ మర్యాదే నా కొంప ముంచింది.

అమ్మ మస్కట్‌లోనే ఆస్పత్రిలో నర్సు, నాన్న ఒక కంపెనీలో స్టోర్‌కీపరు. నేను కోస్తాలో ఓ చిన్న ఊరి కాలేజీ హాస్టల్లో ఉండి బీఎస్సీ మొదటి సంవత్సరం చదివి, సెలవులకు వాళ్ళ దగ్గరికొచ్చాను. ల్యాబు తాళం తీసిన రోజు మాకు పండగ, అలాంటి కాలేజీ అది. అందుకే ఢిల్లీలో పేరున్న ఒక విశ్వవిద్యాలయానికి మారతానని దరఖాస్తు పెట్టుకుంటే, రెండో ఏట వేళ్ళమీద లెక్కపెట్టేంతమందినే తీసుకునే చోట నాకు సీటొచ్చింది! నెలలోగా నాన్న సంతకంతో ఒప్పుదల పత్రం అందాలి, లేకపోతే సీటు వేరొకరికి. నాన్న మూడు రోజులు నసిగి, అమ్మ పోరు పడలేక సంతకం పెట్టారు.

ఆ వారమే పెదనాన్నగారు సెలవు మీద వెళుతున్నారు. సొంత పెదనాన్న కాదు, నాన్న కంపెనీలోనే పై ఉద్యోగి, అక్కడ సెలవురోజని శుక్రవారం జరుపుకునే మా క్రైస్తవ ప్రార్థన కూటానికి పెద్ద. ప్రార్థనయ్యాక అందరి ఉత్తరాలతో పాటు నాదీ రెండు చేతులా ఇచ్చాను, జిగురంటించకుండా. "భద్రంగా వేస్తాను తల్లీ" అన్నారు. ఇక చూడండి, కళ్ళల్లో వత్తులు వేసుకుని రోజూ సాయంత్రం నాన్న వచ్చే కంపెనీ వ్యాను కోసం గుమ్మంలోనే నిలబడేదాన్ని.

నెలా పదిరోజులకు, జవాబు రాలేదు, పెదనాన్నగారే తిరిగొచ్చారు. ఆ శుక్రవారం అందరికీ ఆవకాయ సీసాలు పంచి, నాకు మాత్రం నా కవరే తీసిచ్చారు. స్టాంపు అంటించి ఉంది, ముద్ర లేదు.

"స్టాంపేశాక ఎందుకో చదవాలనిపించిందమ్మా. ఆడపిల్లవి, అంత దూరాభారం ఎందుకు చెప్పు? మీ నాన్న మొహమాటానికి సంతకం పెట్టుంటాడని ఆపేశాను. నీ మంచికేలే."

అరికాలి మంట నెత్తికెక్కింది. చుట్టూ కూర్చున్నవాళ్ళు మంచిపని చేశారని తలలూపారు. ఎవరికండీ మంచి? నా చదువుకు తాళం వేయమని ఈయన్నెవరు పిలిచారు? నాన్న నేల చూపులు చూస్తూ "మీరు పెద్దవారు" అన్నారు. ఆయన చేసిన పని కన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది. అమ్మ మాత్రం లేచి, "అన్నయ్యగారూ, డాక్టరు రాసిన మందు నాకు నచ్చలేదని పారబోస్తే ఊరుకుంటారా మీరు?" అని అడిగి, ఆవకాయ సీసా అక్కడే వదిలేసి నన్ను ఇంటికి తీసుకొచ్చేసింది.

ఆ పాత కాలేజీకే వెళ్ళాను. టీచరునయ్యాను, బతుకేం పాడవలేదు. దాన్నే అందరూ రుజువుగా చూపించారు, చూశావా, ఏం తక్కువైందని. ఏం తక్కువైందో వాళ్ళకేం తెలుసు!

ఇప్పుడు ఉత్తరాలు మోసేవాళ్ళు లేరు, ఆ ఆప్యాయతలూ పోయాయని నా ఈడువాళ్ళు నిట్టూరుస్తారు. నిజమే, ఆ శుక్రవారాలు నాకూ గుర్తొస్తూనే ఉంటాయి, అయినా ఆ పెద్దరికం పోయినందుకు మాత్రం చచ్చినా బాధపడను. బైబిల్లో దాచుకున్న ఆ కవరు తీసి మనవరాలికి చూపించాను. అది నవ్వు మానేసి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు వేస్తే వెళుతుందా నానమ్మా?" అంది.

గడువు దాటిపోయిందే తల్లీ, అన్నాను.