కొలంబో తలుపులు మూసిన గురువారం

కరోనా సర్దుమణిగిన మరుసటి ఏడాది కువైట్‌లోని అల్ రాయ్‌లో ఒక టీ గోదాముకు నన్ను డాక్యుమెంట్ల అధికారిగా మార్చారు. హోదా పెద్దది, గది చిన్నది. కొలంబో నుంచి వచ్చే టీ కంటైనర్ల కాగితాలు చూడటం నా పని. పుస్తకాల ప్రకారం శ్రీలంక రాజధాని కొలంబో పక్కనున్న కోట్టే. వ్యాపారంలో ఉన్న మాకు మాత్రం రాజధాని కొలంబోయే.

ఓడ రేవుకు చేరినంత మాత్రాన సరుకు చేతికి రాదు. ఓడ కంపెనీ ఇచ్చిన అసలు రవాణా పత్రం కొలంబో నుంచి కొరియర్‌లో వచ్చాక, దాన్ని ఇక్కడ చూపిస్తేనే విడుదల. ఆసారి ఆ కాగితం మీదే మా స్టోర్‌కీపర్ ఓబులేసు ప్రయాణం ఆధారపడింది. మంగళవారం తెల్లవారుజామున రాయచోటిలో అతని కొత్త ఇంటి గృహప్రవేశం, ఆదివారం సాయంత్రం విమానం. కంటైనర్ దించాకే సెలవు, ఖలాస్, ఇక మాట లేదన్నాడు మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని.

కొలంబో ఆఫీసులో సుమన గారని ఒక సీనియర్ గుమస్తా ఉండేవారు. బుధవారం పంపుతామన్నారు. నేను పంచాంగం తీశాను. బుధవారం చతుర్దశి, గురువారం నిండు పున్నమి. మంచిరోజు కదా, గురువారమే పంపండని రాశాను. ఆ ఊళ్లో ఎదుటివాళ్లకు కాదని చెప్పడం మర్యాద కాదు. "సరే సార్, గురువారం తర్వాత పంపుతాం" అని జవాబు వచ్చింది. ఆ 'తర్వాత'ను నేను పట్టించుకోలేదు.

గురువారం ఫోన్ ఎత్తే నాథుడు లేడు. విచారిస్తే తెలిసింది, పున్నమి వస్తే కొలంబోకు సెలవు. జనం తెల్లబట్టలు కట్టుకుని గుడికి పోతారు. ఆఫీసులు, మాంసం కొట్లు, మందు దుకాణాలు అన్నీ బంద్. మనం పని మొదలుపెట్టే రోజున వాళ్లు పని ఆపుతారు. పైగా మాకు శుక్ర, శనివారాలు సెలవు, వాళ్లకు శని, ఆదివారాలు.

మధ్యాహ్నం ఓబులేసు వచ్చి నిలబడ్డాడు. "ఏంది సార్, కాయితం ఇంగా పంపలేదంట? ముహూర్తం దాటిపోతాది. మా ఇంటిది ఒక్కతే పాలు పొంగించల్లా?" అన్నాడు. కొలంబోవాళ్లకు బద్ధకమని చెప్పి పంపించాను.

శుక్రవారం బ్నీద్ అల్ గార్‌లోని నా గదిలో లుంగీతోనే కూర్చుని సుమన గారికి ఫోన్ చేశాను. ఇంకో దారి ఉంది. అసలు పత్రాన్ని అక్కడి ఓడ కంపెనీకే తిరిగి అప్పగిస్తే, సరుకు వదిలేయమని వాళ్లు ఇక్కడికి కబురు పెడతారు. ఆవిడ పున్నమికి శుక్రవారం సెలవు కూడా కలుపుకుని, సొంతూరికి బస్సెక్కి ఉన్నారు. గృహప్రవేశం సంగతి విని, దిగి వెనక్కి వెళ్తానన్నారు. ముందు ఒక టీ తాగుతానని కూడా అన్నారు. కొలంబోలో ఎంత తొందర పనికైనా టీ తర్వాతే కాలు కదులుతుంది. నాకు ప్రాణం పోయినంత పనయింది. మూడు గంటలకల్లా పని పూర్తయిందని సందేశం పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నానికి కంటైనర్ వచ్చింది. ఓబులేసు దగ్గరుండి దింపించి, పెట్టె పట్టుకుని ఆఫీసులో నా గదికి వచ్చాడు.

"కొలంబోవాళ్లు మంచోళ్లే సార్. రోంత బద్దకం, అంతే."

నాకు సిగ్గేసింది. సుమన గారు బుధవారం పంపుతామంటే వద్దన్నది నేనేనని అప్పుడు చెప్పాను. అతను "ఈ మాట గురువారమే చెప్పింటే ఆ యమ్మను తిట్టకపోదును గదా సార్" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏ దేశంతో పని పడినా ముందు వాళ్ల సెలవులు అడిగేవాణ్ణి. మా నివేదికలో ఆలస్యానికి కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. అక్కడ పరాయి ఊరి పేరు రాసేముందు నా పేరు రాయాలేమో చూసుకోవడం కూడా అప్పుడే అలవాటైంది.