జావా కుడుముతో నా పోరు

ఆ కాలంలో కొత్త కోడళ్లకు అత్తతోనో ఆడబిడ్డతోనో పోరు ఉండేది. నాకు మాత్రం ఒక కుడుముతో వచ్చింది. మా ఆయన పెద్ద యుద్ధంలో ఫౌజు లారీ నడుపుతూ జావా దాకా పోయి మా మర్ఖేల్‌కు తిరిగి వచ్చాడు. ఊరంతా బాంబుల గురించి అడిగితే ఆయన అక్కడ ఒక ముసలమ్మ అమ్మే కొబ్బరి కుడుముల గురించి చెప్పేవాడు. వెదురు గొట్టంలో బియ్యప్పిండి పోసి, నడుమ తాటిబెల్లం పెట్టి, ఆవిరి మీద ఉడికించి, పైన పచ్చికొబ్బరి చల్లుతారట. ఏదో ఆకు పసరుతో పచ్చగా ఉంటాయట, ఉడికేటప్పుడు సన్నగా ఈల వేస్తాయట (ఇదంతా చెప్పేటప్పుడు ఆయన లొట్టలు వేసేవాడు, నాకు ఒళ్లు మండేది). నేనేం వండినా "మంచిగుంది గని" అని మొదలుపెట్టి జావాకు పోయేవాడు. ఆ ముసలమ్మ కంటే నా చేతిదే బాగుందని ఆయన నోట అనిపించుకోవాలని పంతం పట్టాను.

ఆయన దెగ్లూర్ బజారుకు పోయిన రోజు చూసి పనిలోకి దిగాను. మా ఇంట్లో బియ్యం పండుగలకే గనుక జొన్నపిండి తీసుకున్నాను. పచ్చదనానికి పెరట్లోని మెంతికూర నూరి పసరు పిండాను (ఏ ఆకైనా ఆకే కదా అనుకునేంత తెలివి నాది). వెదురు కోసం మా అత్త పొయ్యి ఊదే గొట్టాన్ని కొడవలితో ముక్కలు చేశాను. వాటిలో పిండి కూరి ఆవిరికి ఎక్కించానో లేదో పొయ్యి ఆరిపోయింది. ఊదుదామంటే ఊదుగొట్టం పొయ్యి మీదే ఉడుకుతోంది. నేల మీద బోర్లా పడి నోటితో ఊదాను. బూడిదంతా నా మొహానికి వచ్చింది గానీ ఈల మాత్రం రాలేదు.

ఇక మిగిలింది కొబ్బరి. మా వైపు కొబ్బరికాయ పండదు, దేవుడి కోసమే కొని తెస్తారు. దేవుడి గూట్లో ఉన్న ఒక్క కాయ మీద చెయ్యి వేసేసరికి అత్త వచ్చింది. గొట్టం గతి చూసి కూడా ఏమీ అనలేదు, అంతకంటే పెద్ద నేరం నా చేతిలో ఉంది మరి.

"దేవునికి కొట్టకుంట ఎట్ల తింటరే పిల్లా? నైవేద్యం వెట్టినంక తినుండ్రి" అంది.

ఆడవాళ్లు కొబ్బరికాయ కొట్టకూడదు గనుక అప్పుడే బజారు నుంచి వచ్చిన మా ఆయనే కొట్టాడు. నేను తురిమి చల్లాను. అత్త పళ్లెం మొత్తం దేవుడి ముందు పెట్టి, ఆ తర్వాత వాడకంతా పంచింది. వచ్చినవాళ్లు కళ్లకు అద్దుకొని, నోట్లో వేసుకొని, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయారు. భక్తి అనుకున్నాను.

చివరిది మా ఆయనకు దక్కింది. నమిలాడు, నమిలాడు, ఎంతకీ నములుతూనే ఉన్నాడు. అత్త ఉందన్న సిగ్గు కూడా లేకుండా అడిగేశాను, "ఎట్లున్నయ్ చెప్పుండ్రి. జావాయి మంచిగుండెనా, గివి మంచిగున్నయా?"

ఆయన చెప్పడానికి నోరు తెరిచాడు. అత్త అడ్డం వచ్చింది. "పర్సాదానికి వంకలు వెట్టద్దు బిడ్డా. కండ్లకద్దుకొని మింగు."

బుద్ధిమంతుడిలా మింగాడు. గడగడా నీళ్లు తాగి బయటికి పోయాడు. నాకు కావలసిన ఆ ఒక్క మాట అలాగే ఆయన గొంతులోకి దిగిపోయింది. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో జావా ఊసే లేదు. ముసలమ్మను ఓడించానని ఏళ్ల తరబడి మురిసిపోయాను, చుట్టాలకు కూడా చెప్పుకున్నాను.

మనవలు పుట్టాక ఒకనాడు ఊరికే అడిగాను, ఆ కుడుముల ముచ్చట ఎందుకు మానేశారని. ఆయన అత్త వింటుందేమోనన్నట్టు తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "చెప్తే నువ్వు మళ్ల చేస్తవని" అన్నాడు.

ఇప్పుడాయన లేడు. మొహమంతా బూడిదతో నిలబడి, మొగుడి మెప్పు కోసం చెవులు రిక్కించిన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. పిచ్చిది, గెలిచాననే అనుకుంది పాపం.